గణితంలో వెనుకబడిన హైస్కూల్ విద్యార్థులకు ట్యూషన్: మార్కులు ఎంత మారతాయి, మనసు ఎంత మారుతుంది?

పిల్లవాడికి గణితంలో తక్కువ మార్కులు వచ్చాయని తెలిసిన మరుక్షణం ఇంట్లో వినిపించే మొదటి మాట ట్యూషన్. కేంద్ర గణాంక శాఖ 2025లో విద్యపై నిర్వహించిన సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ఆ విద్యాసంవత్సరంలో ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నారు లేదా తీసుకున్నారు. పట్టణాలలో ఇది 30.7 శాతం, గ్రామాలలో 25.5 శాతం. ఇంతమంది ఇంత ఖర్చుకు సిద్ధపడడం వెనక రెండు ఆశలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, మార్కులు పెరుగుతాయని. రెండోది, లెక్కలంటే ఉన్న భయం పోయి కొంత ఇష్టం కలుగుతుందని. మొదటిదానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి, కానీ అవి ట్యూషన్ ఎలా జరుగుతుందనే దానిమీద ఆధారపడి ఉన్నాయి. రెండోదానికి ఆధారాలు తక్కువ, ఉన్నవాటిలో కనిపించే మార్పూ చిన్నదే. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే ట్యూషన్ గురించి జరిగే వాదనలు ఎటూ తేలవు.

సాధన వేరు, వైఖరి వేరు

సాధన అంటే పరీక్షలో కొలవగలిగిన నైపుణ్యం. ఇందులో పెద్ద చిక్కు లేదు, ఏ పరీక్ష అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. దాని సంగతి తరువాత చూద్దాం.

వైఖరి అంత తేలిగ్గా దొరకదు. 1976లో ఎలిజబెత్ ఫెనెమా, జూలియా షెర్మన్ అనే అమెరికన్ పరిశోధకులు గణితం పట్ల వైఖరిని కొలిచే ప్రశ్నావళులను తయారుచేసినప్పుడే దానిని ఒకే సంఖ్యగా కాక పలు పాయలుగా విడదీశారు. ఆ తరువాత మార్తా టాపియా రూపొందించిన 40 వాక్యాల ప్రశ్నావళి కూడా ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది. అందులో నాలుగు పాయలు కనిపిస్తాయి: నేను చేయగలనన్న నమ్మకం, ఈ విషయం నాకు పనికొస్తుందన్న భావన, చేస్తున్నప్పుడు కలిగే ఆనందం, ఇంకా నేర్చుకోవాలన్న ఉత్సాహం. ఇంజనీరింగ్ సీటు కావాలి కనుక గణితం విలువ తెలిసి, అయినా పుస్తకం తెరవగానే అరచేతులు చెమర్చే పిల్లలు మన ఇళ్లలో కొత్తకాదు. అలాంటి విద్యార్థికి ‘విలువ’ అన్నచోట ఎక్కువ, ‘నమ్మకం’ అన్నచోట తక్కువ వస్తుంది. రెంటినీ కలిపి సగటు తీస్తే ‘మామూలు వైఖరి’ అని తేలుతుంది గాని అసలు విషయం కనపడదు.

సాధన, వైఖరి చేయీచేయీ పట్టుకుని నడుస్తాయన్న ఊహ కూడా పూర్తిగా నిలవదు. అంతర్జాతీయ గణిత పరీక్షలలో దక్షిణ కొరియా, జపాన్, తైవాన్ విద్యార్థులు ఎప్పుడూ ముందు వరసలో ఉంటారు. గణితం ఇష్టమా, నమ్మకం ఉందా అని అడిగితే మాత్రం ఆ దేశాలే కింది వరసలో కనిపిస్తాయి. 1997లో షిన్ మా, నంద్ కిశోర్ 113 అధ్యయనాలను కలిపి లెక్కగడితే వైఖరికీ సాధనకూ ఉన్న సంబంధం సగటున 0.12 మాత్రమే వచ్చింది. పూర్తి సంబంధాన్ని 1గా తీసుకునే కొలబద్దపై ఇది చాలా బలహీనం.

రెండు బల్లల మధ్య జరిగే పని

మనం ట్యూషన్ అని పిలిచే ఏర్పాట్లు చాలా రకాలు. పాతికమంది పిల్లలు మాస్టారి ఇంటి వరండాలో కూర్చుని హోంవర్క్ పూర్తిచేసుకోవడం ఒకటి. బడి వదిలాక పదో తరగతి వాళ్లకు పెట్టే ప్రత్యేక తరగతులు ఇంకొకటి. పరిశోధకులు ఎక్కువగా పరీక్షించింది మూడో రకాన్ని: ఒకరిద్దరు, మహా అయితే నలుగురైదుగురు విద్యార్థులకు ఒకే బోధకుడు వారానికి పలుమార్లు, నెలల తరబడి చెప్పడం. ఒక రకం గురించి తేలిన ఫలితాన్ని ఇంకో రకానికి అంటగట్టడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

చిన్న గుంపులో ఏం మారుతుందో ఒక లెక్కతో చూద్దాం. ‘ఒక సంఖ్యలో మూడో వంతు, అదే సంఖ్యలో నాలుగో వంతు కలిపితే 7 వస్తుంది. ఆ సంఖ్య ఎంత?’ తొమ్మిదో తరగతి విద్యార్థి 24.5 అని జవాబు రాశాడనుకుందాం. నలభైమంది ఉన్న తరగతిలో ఉపాధ్యాయుడు దానిని తప్పు కొట్టి, సరైన సాధనను బోర్డు మీద చూపిస్తారు. 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికీ నిమిషానికి మించి కేటాయించడం ఎవరి తరమూ కాదు. అదే లెక్క ఇద్దరే ఉన్న బల్ల దగ్గర జరిగితే ‘ఇది ఎలా వచ్చింది?’ అని అడిగే వ్యవధి ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది, మూడో వంతుకూ నాలుగో వంతుకూ లవాలను కలిపి 2, హారాలను కలిపి 7 చేసి, ఏడింట రెండు వంతులు అని వేశాడని. సమీకరణాన్ని ఏర్పరచడం అతనికి వచ్చు. దానిని సాధించే తీరూ వచ్చు. రానిది ఐదో తరగతిలో నేర్చుకోవలసిన భిన్నాల కూడిక. కసాగు 12 తీసుకుని, నాలుగూ మూడూ కలిపి పన్నెండింట ఏడు వంతులు అని చూపిస్తే, ఆ సంఖ్య 12 అని తనంతట తానే తేలుస్తాడు. తొమ్మిదో తరగతి పాఠాన్ని పదిసార్లు చెప్పినా తీరని కొరత, నాలుగు తరగతుల కిందకు దిగితే పావుగంటలో దొరికిపోయింది.

హైస్కూల్‌లో వెనుకబాటు ఎక్కువగా ఇలాంటిదే. స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ తరఫున 14 నుంచి 18 ఏళ్ల వారిపై జరిగిన అసర్ 2023 సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగినవారు 43.3 శాతమే. ఆ వయసు పిల్లల ముందు బడి పెట్టే పాఠం వర్గ సమీకరణాలు, త్రికోణమితి.

మార్కులపై ప్రభావాన్ని ఎలా కొలుస్తారు

వేర్వేరు దేశాల పరీక్షలను పోల్చడానికి పరిశోధకులు మార్కులను నేరుగా వాడరు, ప్రామాణిక విచలనం అనే కొలతను వాడతారు. సగటు నుంచి విద్యార్థుల మార్కులు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య అది. ఒక జిల్లాలో గణితం సగటు 45 మార్కులు, ప్రామాణిక విచలనం 20 మార్కులు అనుకుందాం. ట్యూషన్ ప్రభావం 0.37 అంటే, 20ని 0.37తో గుణించగా వచ్చే 7.4 మార్కులు. 28 దగ్గర ఆగిపోయిన విద్యార్థిని అది 35 దాటిస్తుంది, అంటే పాస్ గీత దాటిస్తుంది. 80 వచ్చిన విద్యార్థికి అదే ఏడు మార్కులు అంత పెద్ద మలుపు కాకపోవచ్చు.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే సంఖ్య మాత్రం ఇంకా పెద్దది. 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ ఒక్కరికి ఒక్కరు బోధిస్తే సాధన రెండు ప్రామాణిక విచలనాలు పెరుగుతుందని రాశారు. పై ఉదాహరణలో ఇది 40 మార్కులు. కానీ ఆయన ఆధారపడింది ఇద్దరు పరిశోధక విద్యార్థుల ప్రయోగాలపై. అవి సుమారు మూడు వారాలు, సంభావ్యత వంటి పరిమితమైన పాఠాలపై జరిగాయి. ట్యూషన్‌తో పాటు తరచూ పరీక్షలు పెట్టి తప్పులు దిద్దే పద్ధతి కూడా అందులో కలిసి ఉంది. ఏడాదంతా నడిచే పెద్ద కార్యక్రమాలలో ఆ స్థాయి ఫలితం రాలేదు. నేటికీ ట్యూషన్ యాప్‌ల ప్రకటనలు ఈ పాత సంఖ్యనే తిరగతిప్పడం చూస్తే, సంఖ్యలకు కూడా పేరుప్రతిష్ఠలు ఉంటాయనిపిస్తుంది.

నమ్మదగిన అంచనాలు లాటరీ పద్ధతిలో, అంటే చీటీ వేసి కొందరికి ట్యూషన్ ఇచ్చి మిగతావారితో పోల్చి, జరిగిన ప్రయోగాల నుంచి వచ్చాయి. 2020లో ఆండ్రే నికో, ఫిలిప్ ఓరియోపోలస్, విన్సెంట్ క్వాన్ అలాంటి 96 ప్రయోగాలను కలిపి చూస్తే సగటు ప్రభావం 0.37 వచ్చింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, సహాయక బోధకులు చెప్పినప్పుడు ఫలితం ఎక్కువ. వలంటీర్లు, తల్లిదండ్రులు చెప్పినప్పుడు తక్కువ. బడి వేళల్లో జరిగినవి బడి తరువాత జరిగినవాటికంటే మెరుగ్గా పనిచేశాయి.

హైస్కూల్ వయసుకు నేరుగా వర్తించే ప్రయోగం షికాగోలో జరిగింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 9, 10 తరగతుల విద్యార్థులకు, ప్రతి ఇద్దరికీ ఒక బోధకుడి చొప్పున, రోజూ ఒక పీరియడ్ గణితం చెప్పించారు. బోధకులలో ఎక్కువమంది అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, తక్కువ భృతికి ఒక ఏడాది పనిచేయడానికి వచ్చినవాళ్లు. పీరియడ్‌లో కొంత సేపు పాత తరగతుల లోటును పూడ్చడానికి, కొంత సేపు ఆ వారం తరగతిలో జరుగుతున్న పాఠానికి. సాధన 0.18 నుంచి 0.40 వరకు పెరిగింది. మన ఉదాహరణలో ఇది మూడున్నర నుంచి ఎనిమిది మార్కులు. ఈ వయసులో లోటు పూడ్చడం ఇక సాధ్యం కాదని విధానకర్తలలో బలంగా నాటుకున్న అభిప్రాయాన్ని ఈ ఫలితం కదిలించింది. మరో సంగతి, గణితంలోనే కాదు, ఇతర సబ్జెక్టులలో తప్పడం కూడా తగ్గింది. ఇది గణిత నైపుణ్యం పెరగడం వల్లనా, రోజూ తమను పట్టించుకునే పెద్దవాడు ఒకడు బడిలో ఉండడం వల్లనా అన్నది విడదీసి చెప్పడం కష్టం. నా దృష్టిలో రెండోదానికీ వాటా ఉంది.

చేరక ముందు 22, చేరాక 34

ట్యూషన్ కేంద్రాల బోర్డుల మీద కనిపించే లెక్క ఇంకో రకం. చేరక ముందు ఇన్ని, చేరాక ఇన్ని. తగ్గినవాళ్ల ఫొటోలు ఆ బోర్డుల మీద ఎలాగూ ఉండవు. దానిని అలా ఉంచినా, ఈ లెక్కలో ఇంకో లోపం ఉంది.

మామూలుగా 30 మార్కుల స్థాయి ఉన్న అమ్మాయికి ఎస్‌ఏ-1 పరీక్ష రోజున జ్వరం వచ్చి 22 వచ్చాయనుకుందాం. భయపడిన తల్లిదండ్రులు ట్యూషన్‌లో చేర్పించారు. తరువాతి పరీక్షలో 34 వచ్చాయి. పెరిగిన 12 మార్కులలో 8 మార్కులు జ్వరం తగ్గినందుకు వచ్చినవే, ట్యూషన్ చేరకపోయినా వచ్చేవి. మిగిలిన నాలుగింటిలోనూ బడి పాఠం వాటా ఎంతో విడిగా తేల్చాలి. పిల్లలను ఎక్కువగా చేర్పించేది బాగా తక్కువ మార్కులు వచ్చిన సందర్భంలోనే కనుక, ఈ పొరపాటు దాదాపు ప్రతి ‘ముందు–తరువాత’ లెక్కలోనూ దాగి ఉంటుంది. దీనికి తోడు, ట్యూషన్‌కు డబ్బు కట్టగల కుటుంబాలు ఇంట్లో చదువుకు వేరే సదుపాయాలూ కల్పిస్తాయి. లాటరీ వేసి, పేరు వచ్చినవారినీ రానివారినీ పోల్చే ప్రయోగాలకు విలువ ఉన్నది అందుకే. రెండు వైపులా జ్వరాలూ కుటుంబ స్తోమతలూ సమానంగా పంచుకుపోతాయి.

భయం ముందా, తప్పడం ముందా

వైఖరి విషయంలో రెండు వాదనలున్నాయి. మొదటిది: భయం వల్లే మార్కులు పోతున్నాయి, ముందు భయం పోగొట్టాలి. దీనికి ప్రయోగశాలల నుంచి మద్దతు ఉంది. లెక్క చేస్తున్నప్పుడు అంకెలను తాత్కాలికంగా మనసులో పట్టి ఉంచే జ్ఞాపకశక్తి పరిమితమైనది. ఆందోళన ఆ చోటును ఆక్రమించుకుంటుందని మార్క్ ఆష్‌క్రాఫ్ట్ బృందం 2001లో చూపింది. వచ్చిన లెక్క కూడా పరీక్ష గదిలో తప్పిపోవడానికి ఇది ఒక వివరణ. భయం అరుదైనదీ కాదు. 2012 పిసా సర్వేలో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ సభ్యదేశాల 15 ఏళ్ల విద్యార్థులలో సుమారు 30 శాతం మంది గణిత సమస్య ముందు నిస్సహాయంగా అనిపిస్తుందని చెప్పారు.

రెండో వాదన: తప్పీ తప్పీ భయం పుడుతుంది, కనుక ముందు లెక్క రావాలి. షిన్ మా, జియాంగ్‌మింగ్ షు 2004లో అమెరికా విద్యార్థులను హైస్కూల్ చివరి వరకు ఏటా అనుసరించిన సమాచారాన్ని పరిశీలించారు. ఒక ఏడాది తక్కువ సాధన మరుసటి ఏడాది ఎక్కువ ఆందోళనకు దారితీయడం స్పష్టంగా కనిపించింది. ఒక ఏడాది ఆందోళన మరుసటి ఏడాది సాధనను తగ్గించడం మాత్రం అంత బలంగా కనబడలేదు. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన మూలం స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977 నుంచీ చెప్పిన మాటతో ఇది సరిపోతుంది. ఇప్పుడు చాలామంది పరిశోధకులు రెండూ ఒకదానినొకటి పెంచుకునే చక్రమని అంటారు. అది నిజమే కావచ్చు. కానీ చక్రాన్ని ఎక్కడ ఆపడం సులువు అన్న ప్రశ్నకు, హైస్కూల్ వయసులో ఆధారాలు లెక్క నేర్పడం వైపే మొగ్గుతున్నాయని నా అభిప్రాయం.

మరి ట్యూషన్ వైఖరిని మారుస్తుందా? 1982లో పీటర్ కోహెన్, జేమ్స్ కులిక్, చెన్-లిన్ కులిక్ 65 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు నేర్చుకున్న పిల్లల సాధన 0.40 పెరిగింది. సబ్జెక్టు పట్ల వైఖరి 0.29 మెరుగుపడింది. ‘నేను ఎలాంటివాణ్ణి’ అన్న స్వీయభావన మాత్రం 0.09 మాత్రమే కదిలింది. పైగా వైఖరిని కొలిచిన అధ్యయనాలు 65లో ఎనిమిదే. ఈ మూడు సంఖ్యల వరసలో ఒక అర్థం కనిపిస్తుంది. లెక్క రావడం ముందు, లెక్క నచ్చడం తరువాత, ‘నేను లెక్కలు వచ్చినవాణ్ణి’ అనుకోవడం చిట్టచివర. ఆరేళ్లుగా ‘నీకు లెక్కలు రావు’ అని విన్న పిల్లవాడు ఆరు నెలల్లో ఆ మాట మరచిపోడు.

అదే విశ్లేషణలో ఇంకో ఫలితం ఉంది, దానిని ఎందుకో ఎవరూ అంతగా పట్టించుకోరు. తోటి విద్యార్థులకు చెప్పిన పిల్లల సాధన 0.33 పెరగగా, వైఖరి 0.42 మెరుగుపడింది, అంటే నేర్చుకున్నవారికంటే ఎక్కువ. గణితంలో వెనుకబడిన తొమ్మిదో తరగతి విద్యార్థి ఏడో తరగతి పిల్లవాడికి భిన్నాలు చెప్పే ఏర్పాటులో, తన పాత లోటును పరువు పోకుండా పూడ్చుకునే అవకాశం ఉంటుంది. ‘వెనుకబడిన బ్యాచ్’ అని పేరు పెట్టి విడిగా కూర్చోబెట్టే ప్రత్యేక తరగతులలో ఆ అవకాశం ఉండదు.

ఆందోళన తగ్గడానికి మెదడులోనూ ఆనవాలు దొరికింది. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మూడో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలు ఒక్కొక్కరికీ విడిగా బోధించాక, ఎక్కువ ఆందోళన ఉన్నవారిలో అది తగ్గిందనీ, భయానికి సంబంధించిన మెదడు భాగపు స్పందన కూడా తగ్గిందనీ చూపారు. దీనిని హైస్కూల్‌కు నేరుగా అన్వయించరాదు. ఎనిమిదేళ్ల పిల్లల భయం వయసు ఏడాది రెండేళ్లే.

బడి పరీక్షలో కనబడని మెరుగుదల

మన పరిస్థితికి అన్నిటికంటే దగ్గరి ప్రయోగం ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ 619 మంది ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను లాటరీ ద్వారా రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికే ట్యూషన్ ఇచ్చి పరిశీలించారు. బడి వేళల తరువాత 90 నిమిషాలు: సగం సేపు ప్రతి విద్యార్థి అసలు స్థాయిని పసిగట్టి అక్కడి నుంచి లెక్కలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ముందు, మిగతా సగం చిన్న గుంపులో బోధకుడి దగ్గర. ఆరో తరగతి విద్యార్థులు సగటున రెండున్నర తరగతులు, తొమ్మిదో తరగతివారు నాలుగున్నర తరగతులు గణితంలో వెనుకబడి ఉన్నట్టు మొదట్లోనే తేలింది. నాలుగున్నర నెలల తరువాత పరిశోధకులు స్వయంగా పెట్టిన పరీక్షలో గణితం 0.37, హిందీ 0.23 పెరిగాయి. బడిలోనే ఉండిపోయినవారిలో అట్టడుగు మూడోవంతు పిల్లలు ఆ కాలంలో దాదాపు ఏమీ నేర్చుకోలేదు కనుక, ఈ పెరుగుదల బలహీనులకే ఎక్కువ అక్కరకొచ్చింది.

అయితే బడి పెట్టిన గణిత పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణం ఊహించగలిగినదే. ఐదో తరగతి స్థాయి నుంచి ఏడో తరగతి స్థాయికి వచ్చిన విద్యార్థి నిజంగా చాలా నేర్చుకున్నాడు. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రంలో ఏడో తరగతి ప్రశ్నలు ఉండవు.

పదో తరగతి ట్యూషన్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి వెనుకబడిన పిల్లలతో రేఖాచిత్రం గీయడం, మధ్యగతం, బాహుళకం సూత్రాలు, ఒక మార్కు ప్రశ్నలు పదేపదే చేయించి 35 తెప్పిస్తారు. ఇది చిన్నచూపు చూడవలసిన పని కాదు. పాస్ కావడం వల్ల ఇంటర్‌కో, ఐటీఐకో, డిప్లొమాకో దారి తెరుచుకుంటుంది, ఒక ఏడాది మిగులుతుంది. కాని భిన్నాల కూడిక రాని విద్యార్థికి ఆ 35 తరువాత కూడా అది రాదు. వైఖరి ప్రశ్నావళి ఇస్తే ‘గణితం అంటే గుర్తుపెట్టుకోవడం’ అన్న వాక్యం పక్కనే టిక్కు పెడతాడు. షికాగోలో పీరియడ్‌ను పాత లోటుకూ ప్రస్తుత పాఠానికీ పంచడం ఈ రెండు చిక్కుల మధ్య కుదిరిన రాజీగా నాకు కనిపిస్తుంది. పదో తరగతి జనవరిలో అలాంటి రాజీకి సమయం ఉండదు. ఎనిమిదో తరగతి జూన్‌లో ఉంటుంది.

చిన్న ప్రయోగం పెద్దదైనప్పుడు

షికాగో కార్యక్రమానికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి సుమారు 3,500 నుంచి 4,300 డాలర్లు ఖర్చయింది. మన గ్రామీణ కుటుంబాలు ఒక్కో విద్యార్థిపై కోచింగ్‌కు పెట్టే సగటు ఖర్చు ఏడాదికి 1,793 రూపాయలని 2025 సర్వే చెబుతోంది. కనుక ఇద్దరికొక బోధకుడు అన్న నమూనా ఇక్కడికి యథాతథంగా రాదు. ఢిల్లీలో సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవడానికి కారణం అదే.

ఖర్చు ఒక్కటే అడ్డంకి కాదు. మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు పరిశోధకులు 2024లో 265 ప్రయోగాలను చూసినప్పుడు, పెద్ద ఎత్తున నడిచిన కార్యక్రమాల ప్రభావం చిన్నవాటితో పోలిస్తే మూడో వంతు నుంచి సగం వరకే ఉంది. అమెరికాలోని నాష్‌విల్ నగరం కోవిడ్ తరువాత తన బడులలో ట్యూషన్‌ను పెద్ద ఎత్తున విస్తరిస్తే చదవడంలో కొద్దిపాటి మెరుగుదల వచ్చింది, గణితంలో సగటున ఏమీ రాలేదు. గుంపు పెద్దదవుతుంది, బోధకులు మారుతుంటారు, జరగవలసిన క్లాసులు జరగవు.

హాజరు దగ్గరే చాలా జారిపోతుంది. ఢిల్లీలో లాటరీలో పేరు వచ్చిన విద్యార్థులు కేంద్రానికి వచ్చింది సగటున 58 శాతం రోజులే. 0.37 అన్నది రాని రోజులనూ, అసలు చేరనివారినీ కలుపుకున్న సగటు. 90 రోజులు హాజరైతే గణితంలో అది సుమారు 0.6 ఉండేదని వారి అంచనా. షికాగోలో ట్యూషన్‌ను టైంటేబుల్‌లో ఒక పీరియడ్‌గా పెట్టారు కనుక బడికి వచ్చిన రోజున అది తప్పిపోయే వీలు తక్కువ. మన బడుల్లో ప్రత్యేక తరగతి చివరి గంట కొట్టాక మొదలవుతుంది, పక్క ఊరి నుంచి వచ్చే పిల్లల బస్సు కూడా సరిగ్గా అప్పుడే కదులుతుంది.